గండికోట వజ్రాలు, ప్రొద్దుటూరు మూసలు

2025 అక్టోబరు 19 ఆదివారం ఉదయం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దొంగలు పడి ఎనిమిది రాచనగలు ఎత్తుకుపోయారు. అదే హాలులో ఉన్న 140 క్యారెట్ల రీజెంట్ వజ్రం జోలికి మాత్రం పోలేదు. మన కృష్ణా తీరపు గనుల్లో దొరికిన రాయి అది. 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ చేతికి చిక్కి, 1717లో ఫ్రాన్సు రాజకుటుంబానికి అమ్ముడుపోయింది. దొంగతనం వార్త వెలువడిన వెంటనే నిపుణులంతా ఒకే భయం వ్యక్తం చేశారు. నగలను విడగొట్టి బంగారం కరిగించేస్తారని, రాళ్లను కొత్తగా సాన పట్టించి అమ్మేస్తారని, అదే జరిగితే అవి దొరికినా దొరకనట్టేనని.

ఆ భయంలోని సత్యం కడప జిల్లా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల వారికి వేరే చెప్పనక్కర్లేదు. మూడున్నర శతాబ్దాల కిందటా ఇక్కడ మూసలు రగిలాయి, ఇవాళా రగులుతున్నాయి.

1652 సెప్టెంబరులో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చాడు. పెమ్మసాని నాయకుల కోట అప్పటికి కొత్తగా గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా వశమైంది. ఇరాన్‌లో నూనె వ్యాపారి ఇంట పుట్టి, వజ్రాల వర్తకుల కొలువులో పని నేర్చి, గనుల మీదే ఎదిగినవాడు మీర్ జుమ్లా. టావెర్నియే చూసేసరికి గుడారంలో కాళ్లకు జోళ్లు లేకుండా కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య మరికొన్ని. ఒక్కొక్కటే తీస్తూ ఇద్దరు లేఖకులకు జవాబులు చెబుతున్నాడు. కర్ణాటక రాజ్యపు వజ్రాల లెక్కలన్నీ అప్పుడు పెన్న లోయ అంచున ఆ గుడారంలోనే తేలేవి.

ఆ సందర్భంలోనే మీర్ జుమ్లా ఐదు చిన్న సంచుల వజ్రాలు తెప్పించి, ఇలాంటివి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని అడిగాడు. రాళ్లు చిన్నవి, నలుపు ఛాయవి. తెల్లనివైతేనే మా వాళ్లు కొంటారని జవాబు వచ్చింది. ఈ రాజ్యంలో గనులున్నాయని విని పన్నెండు వేల మందిని పనికి పెట్టానని, ఏడాదంతా తవ్వితే ఈ ఐదు సంచులే మిగిలాయని, దాంతో గని మూయించి ఆ జనాన్ని మళ్లీ సేద్యానికి పంపేశానని మీర్ జుమ్లా చెప్పుకొచ్చాడు. వజ్రాల చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే. పన్నెండు వేల మంది! వాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. ఆ ఐదు సంచుల రాళ్లను ఏ నగల్లో పొదిగారో, అవి ఇప్పుడు ఏ మ్యూజియం అద్దాల వెనక ఉన్నాయో తేల్చే ఆధారమూ మిగల్లేదు.

మీర్ జుమ్లా చేతి నుంచే మరో రాయి షాజహానుకు కానుకగా వెళ్లింది. అదే 'గ్రేట్ మొగల్'. కొల్లూరు గనిలో దొరికినప్పుడు 787 క్యారెట్ల పైచిలుకు ఉందని టావెర్నియే రాశాడు. వెనిస్ నుంచి వచ్చిన హొర్తెన్సియో బోర్జియో సాన పట్టీ పట్టీ 280 క్యారెట్లకు దించేశాడు. కూలి ఇవ్వకపోగా మొగల్ చక్రవర్తి అతనికి పదివేల రూపాయల జరిమానా వేశాడు. ఆ రాయిని 1665లో టావెర్నియే చేత్తో పట్టుకుని, బొమ్మ గీసి, తూకం రాసుకున్నాడు కాబట్టే, మాస్కో క్రెమ్లిన్‌లోని 189 క్యారెట్ల ఓర్లోవ్ వజ్రం అదే కావచ్చని నేటి పరిశోధకులు వాదించగలుగుతున్నారు. టావెర్నియే స్వయంగా కొన్న నీలి వజ్రానిదీ ఇదే కథ. 1792లో పారిస్‌లో దొంగలపాలై, రూపు మార్చుకుని, 1958లో 'హోప్' పేరుతో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు చేరింది. పాత కొలతలూ బొమ్మలూ ఉండబట్టే దాని వంశావళి దొరికింది.

కోహినూరు తిరిగి రావాలన్న మాట మన దగ్గర తరచూ వినపడుతుంది. రావాలి, అందులో సందేహం లేదు. 1849లో పదేళ్ల సిక్కు మహారాజు దలీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని బ్రిటిషువారు పట్టుకుపోయిన రాయి అది. అయితే ఆ పెద్ద రాళ్ల మీద కడప జిల్లా హక్కు చెప్పుకోవడం సరికాదు. అవి దాదాపు అన్నీ కృష్ణా తీరానివి. మన జిల్లాలోనూ పెన్న ఒడ్డున చెన్నూరు దగ్గర గనులుండేవి. గులకరాళ్ల పొర తగిలేదాకా గుంత తవ్వడం, మట్టిని కడిగి చదునైన నేల మీద పరవడం, ఎండలో మెరుపు కోసం వెతకడం అక్కడి పద్ధతి. 1814లో అచ్చయిన బెంజమిన్ హేన్ పుస్తకంలో ఆ గనుల వర్ణన ఉంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల పొరల మీద రాసిన గ్రంథంలో జమ్మలమడుగు, పులివెందుల పేర్లు శిలల పేర్లయ్యాయి. ప్రపంచ భూగర్భశాస్త్రంలో పులివెందుల పేరు ఇంకా నిలిచి ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇదంతా కనపడదు.

గండికోటలో జరిగిన మరో సంగతి కూడా టావెర్నియే రాశాడు. ఫిరంగులు పోత పోయడానికి మయ్యే అనే ఫ్రెంచివాడిని మీర్ జుమ్లా కొలువులో పెట్టుకున్నాడు. లోహం కోసం గుళ్లలోని రాగి విగ్రహాలను పట్టుకొచ్చారు. ఒక గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగీ సరిగా తయారు కాలేదు. కరిగిపోయిన విగ్రహాలు ఎన్నో, ఏ ఊరివో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇవాళ్టి ప్రొద్దుటూరును రెండో ముంబై అంటారు. బంగారం మీదే బతికే పట్టణం. దసరాకు వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిని నగలతో, నోట్లతో అలంకరిస్తే చూడడానికి పక్క జిల్లాల నుంచి జనం వస్తారు. ఆ వీధుల్లోనే ఏడాది పొడవునా పాత బంగారం మార్పిడి సాగుతుంది. పులివెందుల వైపు నుంచి ఒక కుటుంబం అవ్వగారి అడ్డిగనో, కాసులపేరునో, వంకీనో తెస్తుంది. బిడ్డ పెళ్లి కోసమో, ఎండిపోయిన చీనీతోట అప్పు కోసమో. ముందు గీటురాయి మీద గీత, ఆ తర్వాత యంత్రంలో పరీక్ష. శ్రావణంతో కెంపులు, పచ్చలు ఊడదీస్తారు. వాటికి ధర కట్టరు, పొట్లం కట్టి తిరిగి చేతిలో పెడతారు. లోపలి లక్క కాల్చేసి, మూసలో వేసి, వెలిగారం చల్లితే కాసేపట్లో ముద్ద బంగారం. వంద నూటయాభై ఏళ్ల కిందటి కంసాలి చేతి పని అక్కడితో ఆఖరు.

ఇందులో ఆ కుటుంబాన్ని గానీ, దుకాణదారును గానీ తప్పుపట్టలేం. కరువు సీమలో బంగారం పొదుపు. కష్టానికి కరగకపోతే అది దేనికి? పది గ్రాములు లక్ష దాటిన 2025లో పాత నగను దాచుకోమని చెప్పడం తేలిక కాదు. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన నగను అనుమతి లేకుండా విదేశాలకు తీసుకుపోనివ్వదు గానీ, ఇంటి నగ మూసలోకి పోతుంటే ఆపేవారు లేరు. నిజాం నగలు 173 నిలిచాయంటే కేంద్రం 1995లో 218 కోట్లు పెట్టి కొనబట్టే. రైతు ఇంటి వంకీకి అలాంటి కొనుగోలుదారు దొరకడు.

నగను ఆపలేకపోయినా దాని రూపాన్ని ఆపవచ్చు. కరిగించే ముందు రెండు వైపులా ఫొటో, తూకం, తెచ్చినవారు ఇష్టపడితే ఊరి పేరు, ఆ నగను ఇంట్లో ఏమని పిలిచేవారో ఒక వాక్యం. దుకాణంలో ఇందుకు ఐదు నిమిషాలు పట్టదు. ఈమాత్రం నమోదు ఉంటే రాయలసీమ నగల పనితనానికి ఒక కోశం తయారవుతుంది. తిరుమల స్వామికి 1513లో కృష్ణదేవరాయలు ఇచ్చిన కిరీటం గురించి ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆనాడు శాసనం చెక్కించబట్టే.

ఈ నమోదు చేయగలవారు లేకపోలేదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఊళ్ల చరిత్రలు చెప్పే మెకంజీ కైఫీయత్తులు ప్రచురించిన సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం ఉంది. జమ్మలమడుగు పక్కనే మైలవరంలో పురావస్తు మ్యూజియం ఉంది. గండికోట పర్యాటకానికి కేంద్రం సుమారు 78 కోట్లు మంజూరు చేసింది. అందులో ఒక గది, టావెర్నియే చెప్పిన ఐదు సంచుల కథకు, పన్నెండు వేల కూలీలకు ఒక గోడ, ప్రొద్దుటూరు ఫొటోలకు మరో గోడ కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. హాల్‌మార్కు కోసం ప్రతి కొత్త నగకూ అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తు వేయిస్తున్న వర్తకులు, పాత నగకు ఒక పేజీ కేటాయించడానికి ఒప్పుకోరని నేను అనుకోను. వచ్చే దసరా లోపు ప్రొద్దుటూరు బులియన్ వర్తకులూ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగమూ ఒకసారి కూర్చుని ఆ పేజీలో ఏమేం రాయాలో తేల్చుకుంటే చాలు, పని మొదలవుతుంది.