అత్తయ్యగారి మాటకి అచ్చులో చోటేది?

టీవీలో 'కార్తీకదీపం' సీరియల్ వచ్చే రోజుల్లో రాత్రి ఏడున్నరయితే మా వాటాలో కుర్చీలు చాలేవి కావు. కాకినాడ రామారావుపేటలో మాది మూడు వాటాల ఇల్లు. పక్కవాటా పిన్నిగారు, మేడమీద అమ్మాయి వచ్చేది సీరియల్ కోసం కాదు, మా అత్తయ్యగారి మాట కోసం. ఆవిడ ఒళ్ళో చేట, చేటలో చిక్కుడుకాయలు, చూపు మాత్రం టీవీ మీదే. ఆ రోజూ సీరియల్లో డాక్టర్ బాబు, పిల్లలు తన పిల్లలు కారని భార్య దీపని అనుమానిస్తున్నాడు. ఉరుము చప్పుడుతో కెమెరా మూడుసార్లు ఆయన మొహం మీదకి దూకింది. అత్తయ్యగారు ఈనె లాగుతూనే, "డాక్టరై ఉండీ ఒక్క పరీక్ష చేయించుకోడానికి ఇన్నేళ్ళేవిటమ్మా! మన గాంధీనగర్‌లో ఇస్తే వారంలో కాయితం చేతిలో పెడతారు" అన్నారు.

ఇల్లంతా గొల్లుమంది. మర్నాడు ఏడున్నరకి మళ్ళీ అందరూ హాజరు. 2017 నుంచి 2023 దాకా 1500 పైచిలుకు ఎపిసోడ్లు నడిచిన ఆ సీరియల్‌ని ఆవిడ మనసుపెట్టి చూశారు. అందుకే ఆ మాటకి అంత పదును. మనందరికీ లోపల గుచ్చుకుంటున్న ముల్లుని ఒకరు చటుక్కున పైకి తీస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆ గదిలో తెలిసేది.

అయినా కథలో నల్లగా కనిపించే దీప రంగు గురించి ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఫోన్లలో తిరిగే ట్రోలింగ్‌లో సగం నటుల రంగు మీద, ఒళ్ళు మీదే. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు కథ రాసినవాళ్ళదైతే మొహానికి రంగేసుకున్నవాళ్ళని ఎందుకు అనాలి?

అత్తయ్యగారిలా ఇష్టంగా చూస్తూనే నవ్విస్తూ తప్పు పట్టే విద్య మనకి కొత్త కాదు. మన ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ 1950ల్లో ఆంధ్రపత్రికలో ఉండగా సినిమాలని ఇలాగే నవ్విస్తూ కడిగేశారు. 'గిరీశం లెక్చర్లు' అలా పుట్టినవే. సినిమా అంటే ప్రాణం కనుకే, తర్వాత తనే కథ రాసి 1967లో బాపుతో 'సాక్షి' తీయించారు. ఇక టీవీ సంగతికొస్తే, లండన్ 'అబ్జర్వర్' పత్రికలో క్లైవ్ జేమ్స్ 1972 నుంచి పదేళ్ళపాటు కేవలం టీవీ మీదే కాలమ్ రాశాడు.

శుక్రవారం విడుదలైన సినిమాకి శనివారానికల్లా సమీక్ష వేసే పత్రికలు, ఇంటింటా ఏళ్ళ తరబడి నడిచే సీరియల్‌ని ఎందుకు పట్టించుకోవు? టీవీ కార్యక్రమాల పట్టిక పక్కన వారానికో అరకాలమ్ ఇవ్వండి. రాయగలిగినవాళ్ళు ఒక్క మా వీధిలోనే నలుగురున్నారు.