ఎక్కుడుకు సరిపోయే గేరుతోనే బండి పంపండి

ఆల్ ఇండియా సైకిల్ మాన్యుఫ్యాక్చరర్స్ అసోసియేషన్ అధ్యక్షులకు, సభ్య కంపెనీలకు,



మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ లేఖ రాస్తున్నాను. మన దేశంలో అమ్మే రోడ్ బైకులకు ఇప్పుడున్న వాటికంటే తేలికైన గేర్లు ఫ్యాక్టరీలోనే బిగించి పంపండి.

మా తూర్పు హైదరాబాద్‌లో ఈ బండ్లు తొక్కేది ఎవరో చెప్తాను. ఆదివారం తెల్లవారకముందే ఎల్బీనగర్ చౌరస్తా దాటి కొందరు విజయవాడ రోడ్డు పట్టుకొని హయత్‌నగర్ మీదుగా సంఘీ గుడి గుట్టకు పోతారు. కొందరు యాదగిరిగుట్టకు, ఇంకొందరు ఇబ్రహీంపట్నం వైపు నుంచి రాచకొండకు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, షుగరు వచ్చిందని డాక్టరు చెప్తే సైకిల్ కొన్నవాళ్లు, పిల్లలు కాలేజీలకు వెళ్లాక తమకంటూ ఒక పూట మిగుల్చుకున్న ఆడవాళ్లు. రేసులకు పోయేవాళ్లు వీళ్లలో ఏ కొద్దిమందో. మీ బండ్ల గేర్లు మాత్రం ఆ కొద్దిమంది కాళ్లకే కొలిచినట్టున్నాయి.

ఉదాహరణకు శ్రీశైలం దారినే తీసుకోండి. తుక్కుగూడ, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. అక్కడ చెక్‌పోస్టు దాటగానే ఫరహాబాద్ వైపు ఘాట్ మొదలవుతుంది. ఆ తర్వాత నల్లమల అడవి, వటవర్లపల్లి, దోమలపెంట. ఈగలపెంట దగ్గర కృష్ణ ఒడ్డుకు ఏకబిగిన దిగుతాం. ఆ తర్వాత అవతలి ఒడ్డున సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కాలి. రెండు వందల కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో, ఎండలో, వెనక సంచితో ఎక్కాలి. ఈ అడవి పులుల అభయారణ్యం, రాత్రి 9 దాటితే గేటు మూస్తారు. బండి దిగి తోసుకుంటూ పోదామంటే టైం చాలదు.

హైదరాబాద్ రాండోనర్స్ వంటి క్లబ్బులు పెట్టే బ్రెవే అనే దూరపు సవారీలలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు గడువు. అక్కడ గెలుపోటములు లేవు, గడువులోగా పూర్తి చేస్తే చాలు. అలాంటి చోట మధ్యలో వదిలేసేది చాలాసార్లు వేగం తక్కువై కాదు, మోకాలు పట్టేసి.

లెక్క చూడండి. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పళ్ల చక్రాల గుత్తి (క్యాసెట్)లో పెద్దదానికి 28 పళ్లు ఉన్న బండి, పెడల్ ఒక్క చుట్టు తిరిగితే రెండున్నర మీటర్లకు పైగా పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 9.2 కిలోమీటర్ల వేగం. మనిషి, బండి, నీళ్లు, సంచి కలిపి 88 కిలోలు అనుకుంటే 8 శాతం ఎక్కుడులో దానికి సుమారు 190 వాట్లు కావాలి. యాభై ఏళ్ల మనిషి దినమంతా తొక్కాక ఆ 190 ఎక్కడి నుంచి తెస్తాడు? అదే ముందు 30, వెనక 34 పళ్లు ఉంటే ఒక్క చుట్టుకు 1.85 మీటర్లు. అవే 60 చుట్లకు 140 వాట్లు చాలు. వేగం గంటకు 6.7 కిలోమీటర్లకు తగ్గుతుంది, అయినా నడక కంటే ఎక్కువే. మొదటి బండిలో ప్రతి తొక్కుడూ మోకాలి మీద మూడో వంతుకు పైగా అదనపు బరువు మోపుతుంది. అలాంటివి వేల తొక్కుళ్లు.

"కొన్నాక మార్చుకోవచ్చు కదా" అంటారు. నేనూ మార్పించాను, అందుకే చెప్తున్నాను. క్యాసెట్ ఒక్కటి మారిస్తే పని కాదు. చైనును పళ్ల చక్రాల మధ్య మార్చే వెనక డీరైలర్, కేజ్ చిన్నదైతే, 34 పళ్లను అందుకోలేదు, పెద్ద కేజ్‌ది కొనాలి. చైను పొడవు చాలకపోతే, రెండు వైపులా పెద్ద పళ్ల మీదికి వేసిన క్షణాన డీరైలరే విరగొచ్చు, కాబట్టి చైను కూడా కొత్తదే. షిమానో 9 స్పీడ్ కాలంలో రోడ్ షిఫ్టర్‌తో మౌంటెన్ బైకు డీరైలర్ చక్కగా పనిచేసేది. 10 స్పీడ్ మౌంటెన్ సెట్లలో కేబుల్ లాగే కొలత మార్చేశారు, ఆ దారి మూసుకుపోయింది. ముందు వైపు 46, 30 పళ్ల (46/30) క్రాంక్ వేద్దామంటే, 2019లో గ్రావెల్ బండ్ల కోసం వచ్చిన షిమానో జీఆర్‌ఎక్స్ క్రాంకుల్లో చైను వరుస రెండున్నర మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది, దానికి ముందు డీరైలర్ కూడా అదే సెట్‌ది కావాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఇవన్నీ స్టాకులో పెట్టుకునే చిన్న షాపు ఉంటుందా? తెప్పించుకోవాలి, సరిగా బిగించే మెకానిక్ దొరకాలి, తీసేసిన పాత సామానంతా అటక మీద పెట్టుకోవాలి. ఫ్యాక్టరీలో మొదటే సరైన క్యాసెట్ ఎంచుకుంటే ఈ ఖర్చులో చాలావరకు ఉండదు.

తేలిక గేరు బలహీనుల కోసమనే భావన పాతదే. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ దాన్నే నమ్మాడు. ఆయన కాలంలోనే వెలోసియో అనే కలం పేరున్న పాల్ ద వివి, గేర్లు మార్చుకునే సైకిలే కొండలకు తగినదని ఏళ్ల తరబడి రాశాడు, తొక్కి చూపించాడు. అయినా 1937 దాకా ఆ రేసులో డీరైలర్లను ఒప్పుకోలేదు. ఈ రోజు షిమానో వారి అత్యున్నత రేసింగ్ సెట్ డ్యురా ఏస్‌కు 11-34 క్యాసెట్ ఉంది, 34 పళ్ల చిన్న చక్రమూ ఉంది. ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్లకు దొరికేది మా వీధిలో టీచరు కొనే బండికి ఎందుకు ఉండకూడదు?

పై గేరు పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. నిమిషానికి 90 చుట్లతో ముందు 50, వెనక 11 పళ్ల గేరు (50/11) గంటకు 51 కిలోమీటర్ల దాకా ఇస్తుంది, 46/11 ఇచ్చేది 47. విజయవాడ హైవే మీద లారీల పక్కన ఆ నాలుగు కిలోమీటర్లు మాకు వద్దు. గేర్ల మధ్య అంతరం కొంచెం పెరుగుతుంది, చదును రోడ్డు మీద గుంపులో వేగంగా పోయేవాళ్లకు అది తెలుస్తుంది, నిజమే. వాళ్ల కోసం దగ్గరి పళ్ల క్యాసెట్ వేరుగా అమ్మండి. చదునులో పడే ఆ ఇబ్బందిని ఓర్చుకోవచ్చు, ఘాట్‌లో మోకాలు పట్టేస్తే ఇంటికి రావడమే కష్టం.

ఈమధ్య కొన్ని మోడళ్లకు 32, 34 పళ్లు వస్తున్నాయి, సంతోషం. అది మోడల్‌ను బట్టి దక్కే అదృష్టంగా మిగలకూడదు. ప్రతి రోడ్ బైకుకూ కనీసం ముందు 34, వెనక 34 పళ్లు ఇవ్వండి. ఒక్కో ధరలో ఒక మోడల్‌కైనా 46/30 క్రాంక్ పెట్టండి. పెద్ద కేజ్ డీరైలర్ ఫ్యాక్టరీ నుంచే రావాలి. ధర చీటీ పక్కన, అన్నిటికంటే తేలికైన గేరులో ఒక్క చుట్టుకు బండి ఎన్ని మీటర్లు పోతుందో తెలుగులోనూ అచ్చు వేయించండి. మొదటిసారి కొనే మనిషికి సెట్ పేరుకన్నా ఆ ఒక్క అంకె ఎక్కువ పనికొస్తుంది. వచ్చే ఏడాది మోడళ్లు ఖరారు చేసే ముందు మీ ఇంజనీర్లను సంచి కట్టిన బండ్లతో మన్ననూరు ఘాట్‌కు పంపండి. ఎల్బీనగర్ నుంచి దారి చూపడానికి మేం వస్తాం.

ఇట్లు,
మన్సూరాబాద్ సైక్లిస్టు