సంపాదకుని మాట: ఏటి యిసుకలో పసిడి

1862లో స్వర్ణము బయల్పడి నానాదేశముల జనమును రప్పించిన న్యూజిలాండు దేశపు ‘ఆరో’ యను నది తీరమున, ప్రభుత్వము ప్రత్యేకించిన తావులలో, నేటికిని లైసెన్సు లేకయే, చేతిపనిముట్లతో మాత్రము, ఎవరైనను వినోదార్థము పసిడి కడుగుకొనవచ్చును. ఆ విద్య నేర్వగోరు క్రొత్తవారికై ఈ సంచిక ప్రధానవ్యాసము ఉద్దేశింపబడినది. బంగారము నీటికంటె 19 రెట్లు, సామాన్యపు టిసుక 2.6 రెట్లు బరువగుటచే, పళ్లెమున గులకయిసుక నించి, నీట ముంచి, గట్టిగా కుదిపి, పిదప అంచును వంచి మెల్లమెల్లగా అలలాడించినచో, తేలికయిసుక జారిపోయి, అడుగున నల్లయిసుకయు, అదృష్టమున్నచో దానిలో నొక పచ్చని రేణువును నిలుచును. తొందరపడువారు కుదుపు మానివేసి కడుగుటకే దిగుదురు. వారి పసిడి నీళ్లపాలగును. ఆ దేశపు పశ్చిమతీరపు సముద్రసైకతములలోని రేణువులు మిక్కిలి సూక్ష్మములు గాన, ఏటివంపుల లోపలిగట్టుననే ఆరంభించుట మేలని మా అభిప్రాయము. త్రవ్విన గుంత పూడ్చి, గట్టు చెరపక రావలసినదని పాఠకులకు మా మనవి.