నారదుని ప్రశ్నలు నేటి యజమానికి

గీతలోని కర్మఫలత్యాగబోధ నేడు దేవాలయ ప్రవచనాలలో కంటే వాణిజ్యసంస్థల సమావేశ మందిరాలలోనే అధికంగా వినబడుతున్నదేమో అనిపిస్తుంది. ఉద్యోగులను సమీకరిస్తారు, ఒక వక్తను ఆహ్వానించి, ఫలితంపై దృష్టి పెట్టక పనిలో నిమగ్నులు కావాలని హితబోధ చేయిస్తారు. ఆ శ్రోతలలో గత మాసపు జీతం ఇంకా అందనివారు ఉంటారు, సెలవుదినాన పనికి రప్పింపబడినవారు ఉంటారు. వేదికను అలంకరించిన యజమాని మాత్రం తన లాభఫలాన్ని త్యజించిన దాఖలా కనబడదు.

ఇది గీతాతాత్పర్యం కాదని నా దృఢాభిప్రాయం. శ్రీకృష్ణ భగవానుడు ఆ ఉపదేశాన్ని అర్జునుని అంతరంగానికి చేశాడు. ఫలాసక్తి వలన కలిగే చిత్తక్షోభ నుండి కర్తను విముక్తుని చేయడమే దాని ప్రయోజనం. ఆసక్తిని విడువవలసినది కర్త, అదీ తనంత తానుగా. అన్యుల శ్రమఫలాన్ని నిలిపివేసే అధికారాన్ని ఆ బోధ ఎవరికీ ప్రసాదించలేదు. పైగా తృతీయాధ్యాయంలో, పొందినదానికి ప్రతిగా ఏదీ సమర్పించక అనుభవించేవానిని భగవానుడు చోరునిగానే పరిగణించాడు. అక్కడి ప్రస్తావన దేవతలను గూర్చినదే. అయినా ఆ యజ్ఞచక్రంలో మనుష్యుల శ్రమకూ స్థానమున్నదని గ్రహించడానికి మహాపాండిత్యం అక్కరలేదు.

నాయకునికి వర్తించే ధర్మం తెలియాలంటే మహాభారతంలోని సభాపర్వాన్ని ఆశ్రయించాలి. మయుడు నిర్మించిన అద్భుత సభలో ధర్మరాజు కొలువుతీరి ఉండగా నారదమహర్షి విచ్చేశాడు. భవన వైభవాన్ని ప్రశంసించడానికి ముందే ఆయన ప్రశ్నలు ఆరంభించాడు. నన్నయ భట్టారకుని తెలుగు భారతంలోనూ ఈ ఘట్టం ఉన్నది. అయోధ్యాకాండలో, చిత్రకూటాన తనను వెదుకుతూ వచ్చిన భరతుని శ్రీరాముడు అడిగినవీ ఇటువంటి ప్రశ్నలే. రాజ్యాన్ని విడిచి వచ్చినవాడు సైతం సేవకుల జీతభత్యాలను గూర్చి విచారించడం గమనార్హం.

నారదుడు అడిగినవాటిలో కొన్ని నేటి కార్యాలయానికి యథాతథంగా సరిపోతాయి. సైన్యానికి అన్నవేతనాలు జాప్యం లేకుండా అందుతున్నవా అని అడిగి, జాప్యమైతే భృత్యులకు స్వామిపై కలిగే ఆగ్రహం మహానర్థహేతువని హెచ్చరించాడు. మన దేశంలో 2025 వరకు అమలులో ఉన్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టం దానికి తేదీ కూడా నిర్ణయించింది: వేయిమందికి లోపు పనిచేసే సంస్థలలో మరుసటి నెల 7వ తేదీ లోపు, ఇతర సంస్థలలో 10వ తేదీ లోపు. శిల్పులకు కనీసం నాలుగు మాసాలకు చాలినంత సామగ్రిని సమకూరుస్తున్నావా అన్నది మరొక ప్రశ్న. పనిముట్లు ఇవ్వకుండా ఫలితాన్ని కోరే అధికారులు ఈ ప్రశ్న వద్ద కొంతసేపు ఆగడం మంచిది. చేసిన పనిని గుర్తించి, దానిని చేసినవానిని సజ్జనుల మధ్య సత్కరిస్తున్నావా అని కూడా అడిగాడు. పని ఒకరిది, నివేదికపై పేరు వేరొకరిది అయ్యే చోట ఈ ప్రశ్నకు సమాధానం లభించదు.

వ్యాపారంలో కష్టకాలం రాదా, అప్పుడు యజమాని ఏమి చేయగలడని ఆక్షేపించవచ్చు. తప్పక వస్తుంది. అప్పుడు కోత ఎవరి భాగం నుండి ఆరంభమైనదన్నదే విచారణీయం. గీతలో భగవానుడు లోకసంగ్రహానికి జనకుని ఉదాహరించాడు. శ్రేష్ఠుడు ఆచరించినదాన్నే తక్కిన లోకం అనుసరిస్తుందన్నాడు. ఫలత్యాగం నిజంగా సంస్థలో ప్రవేశించాలంటే పైస్థానం నుండియే ప్రవేశించాలి. క్రిందివారికి అది ఉపన్యాసంగా మాత్రమే చేరితే, దానిని వారు వంచనగా గ్రహించడంలో ఆశ్చర్యం లేదు.

అనుభవజ్ఞుడై, ప్రభువు హితాన్నే కోరేవానిని దోషం నిర్ధారణ కాకముందే అధికారం నుండి తొలగించడం లేదు కదా అని కూడా మహర్షి ప్రశ్నించాడు. ఇరువది సంవత్సరాలు సేవ చేసిన వ్యక్తికి ఒక ఉదయం ఈమెయిల్ ద్వారా ఉద్వాసన పలికే కాలంలో మనమున్నాము. రాజు కోసం ప్రాణాలర్పించినవారి భార్యలు ఎట్లా జీవిస్తున్నారనీ ఆయన విచారించాడు. కర్మాగార ప్రమాదంలో మరణించినవాడు కాంట్రాక్టు కార్మికుడైతే, అతని పేరు మా జాబితాలో లేదని చెప్పే యాజమాన్యాలు ఉన్నవి. వారు ధర్మరాజు ఆసనంలో కూర్చుండి ఉంటే, నారదునికి ఏమని బదులిచ్చేవారు?