డబ్బిచ్చి మరీ బురదలో దిగాను

మా నాన్న నన్ను ఎప్పుడూ మడిలోకి దిగనిచ్చేవాడు కాదు. నాట్లప్పుడు కూడా గట్టు మీద కూర్చోబెట్టి, చేతిలో పుస్తకం పెట్టేవాడు. "ఈ బురద నాతో సరి, నువ్వు చదువుకో" అనేవాడు. చదువుకున్నాను. ఉద్యోగం పేరుతో ఇంగ్లండ్ దాకా వచ్చాను. వచ్చి ఏం చేశానంటే, పోయిన డిసెంబరులో ఒక ఆదివారం, లీడ్స్ దగ్గర ఒక పార్కులో 18 పౌండ్లు కట్టి, అరువు సైకిల్ భుజాన వేసుకుని, పిక్కల దాకా బురదలో దిగాను.

దీని పేరు సైక్లోక్రాస్. చలికాలం సైకిల్ రేసు. రోడ్డు ఉండదు. గడ్డి, బురద, ఇసుక, మెట్లు, అడ్డంగా పెట్టిన చెక్కలు, వీటి మీదుగా ఒకే రూటులో రౌండ్లు కొట్టాలి. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు, ఫ్రాన్స్‌లో 1902లోనే జాతీయ పోటీ పెట్టారు. 1950 నుంచి వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఉంది. బెల్జియంలో జనం టికెట్ కొనుక్కుని చలిలో, వానలో నిలబడి చూస్తారు. నెదర్లాండ్స్‌కి చెందిన మాథ్యూ వాన్ డర్ పోల్ 2025 నాటికి ఏడుసార్లు వరల్డ్ ఛాంపియన్. అతను ఇసుకలో తొక్కే వీడియో ఒక్కటి చూడండి, మిగతాది నేను చెప్పక్కర్లేదు.

పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. చెక్కల ఎత్తు 40 సెంటీమీటర్లు. మొనగాళ్లు సైకిల్‌తో సహా ఎగిరి దాటేస్తారు. మిగతావాళ్లు దిగి, సైకిల్ ఎత్తి, పరిగెత్తి, మళ్లీ ఎక్కుతారు. దిగితే ఎవరూ నవ్వరు. అందరూ దిగుతారు కదా!

నన్ను ఇందులోకి లాగింది మా ఆఫీసులో ఒకాయన. 50 దాటాయి. చలికాలమంతా సోమవారం పొద్దున మోచేతుల మీద గీతలతో వచ్చేవాడు. "నిన్న రేసు" అనేవాడు. ఎన్నో ప్లేసు వచ్చిందని అడిగితే, "చూసుకోలేదు" అనేవాడు.

చూసుకోలేదా! నాకు ఆ మాట అస్సలు అర్థం కాలేదు. ఇంటర్లో మాకు వారం వారం టెస్టు, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ర్యాంకు జారితే సెక్షన్ మారిపోయేది, కింది సెక్షన్‌కి వెళ్లినవాడితో పాతవాళ్లు మాట్లాడటం తగ్గించేవాళ్లు. అప్పట్నుంచి ఒక అలవాటు పట్టుకుంది. గెలవననిపిస్తే ఆడను. క్యారమ్స్ మానేశాను, ఈత మధ్యలో వదిలేశాను, గిటార్ అటక మీద ఉంది. 28 ఏళ్లకి చూసుకుంటే, సరదాగా చేసే పని నాకు ఒక్కటీ లేదు. అందుకే ఆయన సైకిల్ ఇస్తానంటే సరే అన్నాను. అంతకుముందు వారం మూడుసార్లు మానేద్దామనుకున్నాను, అది వేరే సంగతి.

రేసు రోజు 3 డిగ్రీలు. రాత్రంతా వాన. చీలమండకి టైమింగ్ చిప్ కట్టారు, వీపుకి నంబరు పెట్టుకున్నాను. కొత్తవాళ్లం కాబట్టి అందరికంటే వెనకాల వరస. విజిల్ పడగానే ముందున్నవాళ్లు మలుపు తిరిగి మాయమైపోయారు.

మొదటి మలుపులోనే పడ్డాను. రెండో చోట చెక్క దాటుతుంటే పెడల్ మోకాలికి తగిలింది. తర్వాత వచ్చింది అసలుది. చెట్ల కింద ఒక వంద గజాలు, అచ్చం దమ్ము చేసిన మడి. చక్రాలకి గడ్డి చుట్టుకుని తిరగడం మానేశాయి. సైకిల్ ఎత్తుకున్నాను. బురదతో కలిపి దాని బరువు బియ్యం బస్తాలా అనిపించింది. కాలు లాగితే కాలు వచ్చింది, షూ లోపలే ఉండిపోయింది. చెయ్యి పెట్టి వెతుక్కుంటుంటే, రిబ్బన్ అవతల ఒక పెద్దావిడ గంట వాయిస్తూ "బాగా చేస్తున్నావ్!" అని అరుస్తోంది. ఎగతాళేమో అని ముఖం చూశాను. కాదు. నిజంగానే అంటోంది.

రెండో రౌండులో ఒకటి గమనించాను. అందరూ మధ్యలోంచి వెళ్లి మధ్యంతా గుజ్జు చేసేశారు. రిబ్బన్ పక్కన ఒక జానెడు గడ్డి మిగిలుంది. గట్టు! మడి మధ్యలోంచి ఎవరైనా నడుస్తారా? చిన్నప్పుడంతా కూర్చుంది దాని మీదే. ఆ అంచు పట్టుకుని నడుచుకుంటూనే ఇద్దర్ని దాటేశాను. అరిచాను కూడా, తెలుగులో.

ఈ రేసులో దూరం లెక్క కాదు, టైమ్ లెక్క. మాది 40 నిమిషాలు. మొదటివాడు ముగించాక మనం గీత ఎప్పుడు దాటితే మన రేసు కూడా అప్పుడే అయిపోతుంది, ఎన్ని రౌండ్లు అయినా సరే. గెలిచినవాడు ఐదు కొట్టాడు, నేను మూడు. అతను నన్ను రెండుసార్లు దాటుకుంటూ పోయాడు, రెండుసార్లూ థ్యాంక్స్ చెప్పి మరీ. చివర్లో అందరం దాదాపు ఒకేసారి అదే బురదతో, అదే టీ కప్పులతో నిలబడ్డాం. ఎవడు ఎన్నో రౌండులో ఉన్నాడో ముఖాలు చూస్తే తెలియలేదు.

నేను మాత్రం ఫోన్ తీసి ఫలితం చూసుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది! 64 మందిలో 62.

రాత్రి ఇంటికి వీడియో కాల్ చేశాను. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది, అయినా అమ్మ ఎత్తింది. ఫోటో చూసి "ఏంట్రా ఆ అవతారం" అంది. నాన్న ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు. డబ్బిచ్చి దిగానన్న సంగతి చెప్పాలా వద్దా అనుకుంటూ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేశాడు.

"కాలు అలా మొత్తం ఒకేసారి లాగితే వస్తుందంట్రా? ముందు మడమ లేపాలి. సందులో గాలి దూరితే వేళ్లు వాటంతటవే వస్తాయి" అన్నాడు. మంచం దిగి, అర్ధరాత్రి, గచ్చు మీద నడిచి చూపించాడు. అమ్మ ఫోన్ కిందికి వంచి కాళ్లు చూపించింది.

మళ్లీ రేసు జనవరిలో ఉంది. పేరు ఇచ్చేశాను.