మందు చేరింది, పరీక్షే చేరలేదు

మెదక్ జిల్లా పెద్దశంకరంపేట మీదుగా రాత్రింబవళ్లు లారీలు నడుస్తుంటాయి. సంగారెడ్డి నుంచి జోగిపేట దాటి నాందేడ్, అకోలా వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి ఇది. చుట్టుపక్కల ఊళ్లు, తండాల నుంచి చెరకు కొట్టడానికి, మేస్త్రీ పనికి, పట్నం అడ్డాలకు, గల్ఫ్‌కు జనం పోయి వస్తుంటారు. లారీ డ్రైవర్లను, వలస కూలీలను హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం చాలాకాలంగా ప్రత్యేక వర్గాలుగానే లెక్కిస్తోంది. అయితే ఆ శ్రద్ధ ఎక్కువగా పెద్ద పట్టణాల లారీ అడ్డాల దగ్గరే కనిపిస్తుంది. శంకరంపేట లాంటి మండల కేంద్రంలో సుఖవ్యాధి లక్షణం కనిపించిన మనిషి మొదట మందుల దుకాణానికి, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు. సర్కారు దవాఖాన చివరి మజిలీ. ఈ వరుస మారనిదే హెచ్‌ఐవీ పూర్తిగా అదుపులోకి రాదు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షలకు పైగా మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో దేశ సగటు 0.20 శాతం. తెలంగాణలో అది 0.44 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటుకు రెట్టింపు కంటే పైనే ఉన్నాయి. చికిత్స వైపు చూస్తే చిత్రం ఆశాజనకంగా ఉంటుంది. మందులు వాడుతున్నవారిలో నూటికి 95 మందికి పైగా వైరస్ అదుపులో ఉంది. పెద్ద లోటు మొదటి మెట్టైన పరీక్షలోనే ఉంది. వైరస్ ఉన్నవారిలో దాదాపు ఐదో వంతు మందికి ఆ సంగతే తెలియదు. మందు పనిచేస్తోంది, మనిషి దాకా పరీక్షే రావడం లేదు.

దీనికి మన ప్రచారం నడిచిన తీరు కూడా కొంత కారణం. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రంలో పులిరాజా అనే కల్పిత మనిషికి ఎయిడ్స్ వస్తుందా అని అడిగే హోర్డింగులు ఊరూరా వెలిశాయి. ఆ పేరు నేటికీ జనం నోట నానుతోంది. నివారణపై చర్చను బజారుకు తెచ్చిన ఘనత ఆ ప్రచారానిదే. అప్పటికి చికిత్స అందరికీ అందేది కాదు కనుక భయమే ప్రధాన సందేశం అయ్యింది. 2004 ఏప్రిల్ 1న కేంద్రం హెచ్‌ఐవీని అదుపుచేసే ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టింది. 2017 నుంచి రోగనిరోధక శక్తిని కొలిచే సీడీ4 లెక్కతో నిమిత్తం లేకుండా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి మూడు మందులు కలిసిన మాత్ర రోజుకు ఒకటి చాలు. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయికి తగ్గితే, శృంగారం ద్వారా భాగస్వామికి అది సోకదు. అంతర్జాతీయ అధ్యయనాలు దీన్ని నిర్ధారించాయి. భయం గోడలెక్కినంత జోరుగా ఈ కబురు గోడలెక్కలేదు. పాత భయమే నేటికీ మనిషిని పరీక్ష గదికి దూరంగా ఉంచుతోంది.

సుఖవ్యాధుల సంగతి ఇంకా మరుగున ఉంది. మూత్రంలో మంట, చీము, తెల్లబట్ట, జననాంగాల మీద పుండు, గజ్జల్లో బిళ్లలు వంటి బాధలతో వచ్చేవారి కోసం ప్రభుత్వ సురక్షా క్లినిక్కుల్లో రంగుల కిట్లు పెట్టారు. మగవారికి చీము కారితే బూడిద రంగు కిట్టు. అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ మాత్రలు ఉంటాయి. రెండూ ఒకేసారి, సిబ్బంది ఎదుటే మింగాలి. భాగస్వామికీ అదే మందు ఇవ్వాలి. వారం తర్వాత మళ్లీ వచ్చి చూపించుకోవాలి. ఈలోపు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవాలి. పుండుకు తెల్ల కిట్టు, తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్టు. చికిత్స, పరీక్ష, భాగస్వామి, కండోమ్ అనే నాలుగు పనులు ఒకే రాకలో పూర్తయ్యేలా ఈ పద్ధతిని తీర్చారు.

అదే మనిషి దుకాణం ముందు బండి ఆపి, పక్కన ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడిగితే దొరికేది నాలుగు మాత్రలు. మంట తగ్గుతుంది. ఇంట్లో భార్యకు మందు ఉండదు, ఆమె నుంచి మళ్లీ అతనికే రావచ్చు. అరకొర మోతాదులతో గనేరియా క్రిమి మొండికేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పుండు, వాపు ఉన్నచోట హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతుంది. అంటే పరీక్ష అత్యవసరమైన మనిషే దుకాణం గడప దగ్గరి నుంచి పరీక్ష లేకుండా వెనుదిరిగిపోతున్నాడు. ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. ఊరి జనం అతని దగ్గరికి పోవడానికి కారణాలు వెతకడమే కష్టం. అతను ఏ వేళకైనా పలుకుతాడు, పేరు రాసుకోడు, వరసలో నిలబెట్టడు.

ఈ వ్యవస్థలో చక్కగా సాగుతున్న పని గర్భిణుల పరీక్ష. తల్లికి సకాలంలో మందు మొదలుపెట్టి, పుట్టిన బిడ్డకూ మందు ఇస్తే వైరస్ సోకకుండా దాదాపు పూర్తిగా కాపాడవచ్చు. సిఫిలిస్ తొలి దశలో ఉన్న గర్భిణికి ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో బిడ్డ దక్కుతుంది. ఇంత మంచి పనికీ ఒక చేదు పర్యవసానం ఉంది. ఇంట్లో మొదట పరీక్ష జరిగేది కోడలికి కాబట్టి, రోగం కూడా కోడలే తెచ్చిందన్న నింద పడుతుంది. భర్త దవాఖానకు రాడు, వచ్చినా బయటే నిలబడతాడు. భర్తకూ అదే రోజు, అదే గదిలో పరీక్ష చేసే ఏర్పాటు ఉంటే చాలా ఇళ్లలో ఈ నిందకు తావుండదు.

చిన్న ఊళ్లో గోప్యత సౌకర్యం కాదు, చికిత్సలో భాగం. దవాఖానలో పనిచేసే మనిషి పక్క వీధిలోనే ఉంటుంది, రోగి అత్తగారికి దూరపు చుట్టం అవుతుంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, పాజిటివ్ అన్న కారణంతో ఉద్యోగం, చదువు, వైద్యం నిరాకరించకూడదు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఈ హక్కులు రాసిన బోర్డు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనబడాలి. మాట బయటికి పొక్కితే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆశా కార్యకర్తకు కూడా తెలిసి ఉండాలి.

మెదక్ లాంటి జిల్లాలో కేసులు తక్కువ, ఇంత ఖర్చు ఎందుకు అని అడిగేవారున్నారు. వెతకనిచోట కేసులు తక్కువగానే కనిపిస్తాయి. పైగా కొత్తగా కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. సుఖవ్యాధి లక్షణంతో వచ్చిన ప్రతి మనిషికీ, క్షయ రోగికీ సమ్మతి అడిగి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మండల ఆరోగ్య కేంద్రంలోనే, షుగరు పరీక్ష జరిగే గదిలోనే, వేరే బోర్డు లేకుండా చేయాలి. వలస పోయేవారు ఇంట్లో ఉండే దసరా, సంక్రాంతి రోజుల్లో సాయంత్రం శిబిరాలు పెట్టాలి. దాబాల దగ్గర డ్రైవర్లకు రాత్రిపూట పరీక్ష అందాలి. ఆర్‌ఎంపీలకు, మందుల దుకాణాలవారికి లక్షణాలు గుర్తించి పంపించే బాధ్యత, పంపినందుకు గుర్తింపు ఇవ్వాలి. నిలకడగా ఉన్న రోగులు నెలనెలా కూలి పోగొట్టుకుని పెద్దాసుపత్రికి పోకుండా మూడు నెలల మందు దగ్గర్లోనే అందించాలి. వైరస్ సోకే ప్రమాదం జరిగిన 72 గంటల్లో మొదలుపెడితే 28 రోజుల మందుతో ఇన్ఫెక్షన్‌ను ఆపవచ్చన్న సంగతి, లైంగిక దాడి బాధితులకు ఆ మందు వెంటనే దొరకాలన్న సంగతి పోలీసు ఠాణాకూ తెలియాలి.

ఉమ్మడి మెదక్ జిల్లా మందుల తయారీకి పేరుపడ్డ నేల. బొల్లారం, బొంతపల్లి పరిసరాల్లో కర్మాగారాల పొగ గొట్టాలు ఇక్కడివారు చూస్తూనే ఉన్నారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కంపెనీల హెచ్‌ఐవీ మందులు ఆఫ్రికా దాకా పోతాయి. ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో హెచ్‌ఐవీ రాకుండా కాపాడే లెనకాపవిర్‌ను 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశాలకు అందిస్తామని 2025లో ముందుకొచ్చినవాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. ఆ ఇంజెక్షన్ ఇవ్వాలన్నా ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి. ప్రపంచానికి మందు పంపే రాష్ట్రం తన మండల కేంద్రాలకు పరీక్ష, దానితోపాటు గోప్యత పంపలేకపోవడానికి సాకు లేదు. జిల్లా వైద్యారోగ్య శాఖ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పెద్ద, చిన్న శంకరంపేటల్లో ఈ ఏర్పాటు మొదలుపెట్టాలి. ఎంతమందికి పరీక్ష అందిందో పేర్లు లేకుండా ఏటా ప్రజల ముందు పెట్టాలి.