సరదాకే వెళ్తున్నాం

"ట్రీట్‌మెంటుకా?"

మా అప్పకి సింగపూర్ టికెట్లు కావాలనగానే ట్రావెల్ ఏజెంటు నోట వచ్చిన మొదటి మాట ఇది. హౌరా మైదాన్ పక్క సందులో చిన్న ఆఫీసు, గుమ్మానికి రెండు మెట్లు. నేను లోపలికెళ్ళాను. అప్ప తన కుర్చీలో రోడ్డు మీదే ఉండిపోయింది. (మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం.) ఆమె కూచోగలదా, ఆమె వెంట ఎవరొస్తారు, ఆమె డాక్టరు ఒప్పుకున్నాడా... అన్నీ నన్నే అడుగుతున్నాడు. డబ్బు ఆమెది, పాస్‌పోర్టు ఆమెది, ప్రయాణం ఆమెది. చివరికి అప్పే బయటి నుంచి బెంగాలీలో గట్టిగా చెప్పింది: "బేడాతే జాచ్ఛి!" అంటే సరదాగా తిరిగి రావడానికి వెళ్తున్నానని. అప్పుడు మొదటిసారి అతను ఆమె మొహం చూశాడు.

ఆ ప్రశ్న నన్ను ఇంకా కాలుస్తూనే ఉంది. నడవలేని మనిషి ఊరు కదిలితే ఆసుపత్రికైనా కదలాలి, మొక్కు తీర్చుకోవడానికైనా కదలాలి. మనం ఆమెకి ఇచ్చిన అనుమతులు ఈ రెండే. వెల్లూరు ఆసుపత్రికి వెళ్తున్నామంటే వీధంతా సాయానికొస్తుంది. పూరీ అంటే నలుగురు భుజాన మోస్తామంటారు. రాత్రిపూట సముద్రం ఒడ్డున దీపాలు చూడ్డానికి వెళ్తున్నామంటే మాత్రం, "ఇంత కష్టపడి అంత దూరం ఎందుకమ్మా" అంటారు. ఆ కష్టం ఆమె కాళ్ళలో లేదు. ఆ రెండు మెట్లలో ఉంది. మెట్లు కట్టింది మనం.

మా నాన్న జూట్ మిల్లు పనికని హౌరా వచ్చినవాడు. అప్ప 1979లో శివ్‌పూర్‌లో పుట్టింది, రెండో ఏట పోలియో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా వీధి పిల్లలకి లెక్కలు చెబుతోంది. వాళ్ళలో ఇంజినీర్లు అయినవాళ్ళున్నారు, విదేశాల్లో స్థిరపడినవాళ్ళున్నారు. వాళ్ళు పంపే ఫోటోలు చూసి చూసి, "ఒరే, నేనూ ఒకసారి చూడాలిరా" అంది. ఆ కోరికకు డాక్టరు సర్టిఫికెట్టు దేనికి?

ఈ దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు మా హౌరా జిల్లాలోనే బయటపడింది. 2011 జనవరి 13న, పాంచ్‌లా ప్రాంతంలో, రెండేళ్ళు నిండని ఒక పాపకి. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి పోలియో పోయిందని ధ్రువపత్రం ఇచ్చింది. అది గొప్ప విజయం, కాదనను. చుక్కలమందు పెట్టె భుజాన వేసుకుని ఏ సందూ వదలకుండా తిరిగిన ఆడవాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను. కానీ వైరస్‌ని వెతుక్కుంటూ ప్రతి గుమ్మం తొక్కిన ప్రభుత్వం, ఆ వైరస్ వదిలిపెట్టిన మనుషుల గుమ్మాలకి ఒక్క వాలుబల్ల వేయడానికి తిరిగి రాలేదు.

సరదా హక్కా అని అడిగేవాళ్ళకి జవాబు కాగితం మీద ఎప్పుడో ఉంది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దాని 30వ అధికరణం వినోదం, విశ్రాంతి, ఆటలతో పాటు పర్యాటక సేవల్ని కూడా పేరు పెట్టి చెబుతుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సంస్కృతి, వినోదాల గురించే. అంటే అప్ప అడుగుతున్నది దయ కాదు, దేశం సంతకం పెట్టి ఒప్పుకున్న బాకీ.

ఇక విమానం సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క అక్షరం మనిషిని మూట చేసేస్తుంది. టికెట్టులో వీల్‌చైర్ సాయానికి మూడు రకాల గుర్తులుంటాయి. చివర ఆర్ ఉంటే మెట్లెక్కగలరు గానీ దూరం నడవలేరని. ఎస్ ఉంటే మెట్లెక్కలేరు గానీ సీటు దాకా నడవగలరని. సీ ఉంటే సీటు దాకా చేర్చాల్సిందేనని. అప్పకి కావాల్సింది సీ. మా ఏజెంటు ఆర్ అని కొట్టాడు. నేను పట్టుకోకపోయి ఉంటే విమానం తలుపు దగ్గర సీటు దాకా తీసుకెళ్ళే సన్నటి కుర్చీ ఉండేది కాదు. ఇద్దరు కుర్రాళ్ళు నలభై ఆరేళ్ళ టీచరమ్మని చంకల కింద చేతులేసి ఎత్తి, అందరి కళ్ళముందూ ఈడ్చుకెళ్ళేవాళ్ళు. దాన్ని "హెల్ప్" అనేవాళ్ళు.

ఆ తర్వాత ఎయిర్‌లైన్ వాళ్ళు ఫోనులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగారు. విమానయాన డైరెక్టరేట్ నిబంధన స్పష్టంగా ఉంది: ఎక్కడానికి దిగడానికి సాయం తప్ప మరేమీ అక్కర్లేని ప్రయాణికుణ్ణి వైద్య అనుమతి అడగకూడదు. ఆ నిబంధన చదివి వినిపించడానికి నాకు మూడు ఫోన్లు, ఒక పూట పట్టింది. చదువు రాని ఇంట్లో ఆ మూడు ఫోన్లు ఎవరు చేస్తారు?

ఈ నిబంధనలు కూడా ఊరికే రాలేదు, అవమానాలు పడ్డవాళ్ళ వల్ల వచ్చాయి. 2012 ఫిబ్రవరి 19న కోల్‌కతాలో గోవా విమానం ఎక్కి కూర్చున్న జీజా ఘోష్‌ని, సెరిబ్రల్ పాల్సీ ఉందన్న కారణంగా స్పైస్‌జెట్ దించేసింది. ఆమె వెళ్తున్నది వికలాంగుల హక్కుల మీద సదస్సుకి. ఆమె ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016 మే 12న కోర్టు పది లక్షల పరిహారం ఇప్పించింది. అయినా 2022 మేలో రాంచీలో హైదరాబాదు విమానం ఎక్కబోతున్న ఒక వికలాంగ బాలుణ్ణి ఇండిగో ఆపేసింది. ఐదు లక్షల జరిమానా పడ్డాక గానీ నిబంధన బిగించలేదు. వైకల్యం పేరుతో ఎక్కించుకోననడానికి ఇప్పుడు వీల్లేదు. దారిలో ఆరోగ్యం చెడుతుందని అనుమానం ఉంటే డాక్టరు చూడాలి, కారణం రాసివ్వాలి.

సరే, ఎక్కాం. అప్ప కుర్చీ ఎక్కడుంది? సామాన్ల గదిలో. అంతర్జాతీయ ఒప్పందం దృష్టిలో అది సామాను. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విరిగినా పోయినా మామూలుగా ఇచ్చే గరిష్ఠ పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క), మన డబ్బులో రెండు లక్షలకు కాస్త అటూ ఇటూ. మంచి మోటారు కుర్చీ ధర దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ధర కంటే ముఖ్యం, ఆ కుర్చీ ఆమె వెన్నెముక వంపుకి, తుంటి వెడల్పుకి సరిపడేలా అమర్చినది. పెట్టె పోతే కొత్త పెట్టె కొనుక్కుంటాం. కుర్చీ విరిగితే ఆమె హోటలు మంచం మీద పడి ఉండాలి. పరాయి దేశంలో ఒకరి కాళ్ళు విరగ్గొట్టి సూట్‌కేసు లెక్కన డబ్బు చేతిలో పెట్టడం న్యాయమని ఏ మనిషి అంటాడు? అదే ఒప్పందంలో ఒక దారి ఉంది: చెక్‌ఇన్ దగ్గరే కుర్చీ అసలు విలువ ప్రకటించి, వాళ్ళు అడిగితే అదనపు రుసుము కట్టాలి. అప్పుడు ఆ హద్దు వర్తించదు. ఈ మాట మాకు ఏ కౌంటరూ చెప్పలేదు.

ఇంకో మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. అప్పే రాయమంది. చిన్న విమానాల్లో మరుగుదొడ్డిలోకి కుర్చీ పోదు. అందుకని ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మా అప్ప ఒక్కతే కాదు, చక్రాల మీద బతికే ఆడవాళ్ళని ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కోల్‌కతా నుంచి సింగపూర్‌కి నాలుగు గంటలు, ముందూ వెనకా విమానాశ్రయాల్లో ఇంకో నాలుగైదు. దాహాన్ని అణచుకుని విహారయాత్రకు వెళ్ళే మనుషులున్నారని, కిటికీ సీటు దొరకలేదని పోట్లాడే మనకి తెలియాలి.

ఇదంతా సాధ్యం కాని పని అని ఎవరైనా అంటే వాళ్ళని హౌరా తీసుకొస్తాను. 2024 మార్చి నుంచి హుగ్లీ నది కింద మెట్రో నడుస్తోంది. 520 మీటర్ల నదిని రైలు 45 సెకన్లలో దాటుతుంది. హౌరా స్టేషను నేలకి ముప్పై మీటర్ల లోతున ఉంది. అంత లోతుకి లిఫ్టు దిగుతుంది. మొదటిసారి అందులో దిగిన రోజు అప్ప, "నది కిందకైతే వెళ్ళానురా, మన వీధి చివరికి వెళ్ళలేకపోతున్నాను" అంది. నిజం. ఇంటి నుంచి స్టేషను దాకా మూత లేని కాలువ, పగిలిన పలకలు, అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్ళు. ఘాట్ దగ్గర ఫెర్రీ ఎక్కాలంటే నది పాటు మీదున్నప్పుడు జెట్టీ వంతెన నిట్టనిలువుగా వాలిపోతుంది, ముగ్గురు పట్టుకున్నా కుర్చీ ఆగదు. నది కింద దారి తవ్విన దేశానికి, కాలువ మీద మూత వేయడం చేతకాదా? చేతకాకపోవడం కాదు, అక్కర్లేకపోవడం.

సింగపూర్ కూడా పుట్టుకతో మంచిది కాదు. 1987లో అక్కడ మెట్రో మొదలైనప్పుడు స్టేషన్లకు లిఫ్టులు లేవు. తర్వాత కట్టారు. ఇవాళ బస్సు ఆగితే డ్రైవరే దిగి వాలుబల్ల వేస్తాడు. బ్యాంకాక్‌లో వికలాంగులు కోర్టుకెక్కితే, 2015లో అక్కడి సుప్రీం పరిపాలనా న్యాయస్థానం స్కైట్రెయిన్ స్టేషన్లు 23కీ లిఫ్టులు పెట్టమంది. మనకీ తీర్పులున్నాయి. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రం దేశంలో సౌకర్యాల దుస్థితి మీద ఇచ్చిన నివేదికను ముందుంచుకుని, 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: సౌలభ్య ప్రమాణాలు ఇష్టముంటే పాటించే సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో రావాలి. తీర్పుని గుమ్మం దాకా తెచ్చేది మాత్రం కోర్టు కాదు, గుమ్మం ఎవరిదో వాళ్ళే.

అందుకే ఈ చివరి మాట లాడ్జీలు, హోటళ్ళు, కల్యాణమండపాలు, ట్రావెల్ ఆఫీసులు నడుపుతున్న తెలుగువాళ్ళకి. సింగపూర్‌లో మేం గది తీసుకున్న హోటలు వాళ్ళు బాత్రూం తలుపుకి టేపు పెట్టి ఫోటో తీసి పంపారు. దిఘాలో, విశాఖలో నేనడిగిన చోటల్లా "ఒక్క మెట్టే కదా సార్, మా కుర్రాళ్ళు ఎత్తేస్తారు" అన్నారు. ఎత్తకండి. ఆమె బరువు కాదు. మెట్టు అడుగు ఎత్తుంటే పన్నెండడుగుల వాలు కట్టించండి. రేపు పొద్దున్నే ఒక టేపు తీసుకుని మీ బాత్రూం తలుపు కొలవండి.

మా అప్ప కుర్చీ వెడల్పు 64 సెంటీమీటర్లు.